నడుముకు కట్టిన గిన్నె

మంచు కింద నీళ్లున్నాయన్న సంగతి ముందు కుక్కకే తెలిసింది. ఆ కుక్క, సేర్కా, నది మధ్యలో ఆగి, ముందరి కాలు పైకెత్తి, వెనక్కి తిరిగి చూసింది. తెరెంతీ కూడా ఆగాడు. చేతికర్రతో ముందున్న మంచును పొడిచాడు. కర్ర మొన తడిసి పైకొచ్చింది. గాలి తగిలిన మరుక్షణం ఆ తడి గాజుపూతలా గట్టిపడింది.

"ఆగు అల్లుడూ! ఒడ్డుకు తిప్పు!" అని అరిచాడు.

కొంద్రాత్ అప్పటికే పక్కనుంచి దాటుతున్నాడు. ఊళ్లోంచి వేటకు బయల్దేరిన నాటినుంచి అతను మామ వేసిన జాడలో అడుగు పెట్టలేదు. నాలుగు బారల ఎడంగా తన దారి తానే తొక్కుకుంటూ, వెనక చక్రాల్లేని జారుడుబండి లాక్కుంటూ నడిచాడు. ఎముకలు కొరికే చలిలో ఒకరు తొక్కిన జాడ ఉండగా ఇంకొకరు కొత్త జాడ తొక్కడం వట్టి మొండితనం. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆ మాట ఇద్దరూ ఎత్తలేదు.

మంచు మీద నడవడానికి కాళ్లకు కట్టుకున్న చెక్కపలకలు ఒక్కసారిగా కుంగాయి. గడ్డకట్టిన నది మీదికి ఊట ఎక్కి, పైనున్న మంచు దుప్పటి చాటున దాక్కున్న నీళ్లవి. కొంద్రాత్ మోకాళ్ల దాకా దిగబడ్డాడు. వెనకనున్న బండి కింద గడ్డమంచు కూడా విరిగి, అది ఒక పక్కకు ఒరిగి, బుడగలు తీస్తూ మునగడం మొదలుపెట్టింది. దాని మీద అతని రొట్టెల సంచి, కుండ, గిన్నె, కంబళి, ఇద్దరూ కలిసి పట్టిన జంతువుల తోళ్లు ఉన్నాయి.

"వదిలెయ్యి! పోతే పోనీ!"

కొంద్రాత్ వినలేదు. చేతి తొడుగులు విప్పి పక్కన పడేసి, నీళ్లలోకి చేతులు పెట్టి బండి మీది తాడు ముడి వెతికాడు. చివరికి చేతికి అందింది అన్నిటికంటే పైన ఉండి తడవని ఒక్క ఎలుగుతోలు మాత్రమే. తొడుగులు తడిమంచులో పడి అప్పటికే రాళ్లయ్యాయి. ఒడ్డుకు పాకి వచ్చేసరికి అతని పాదరక్షలకు మంచు పెచ్చులు కట్టింది.

"కూర్చోకు! కూర్చున్నావంటే లేవవు. పొడిమంచులో కాళ్లు దొర్లించు. అది తడి పీల్చుకుంటుంది."

"తెలుసు మామా."

"తెలిసే దిగావా నీళ్లలో?"

కొంద్రాత్ పళ్లు టకటకలాడుతుండగానే నవ్వాడు. "మీరు ఒడ్డుకన్నారు. నేను స్వర్గానికేమో అనుకున్నాను."

తెరెంతీ నవ్వలేదు. ఆకాశం వైపు చూశాడు. పొద్దుటినుంచి పడమట తెల్లని గోడలా నిలబడ్డ మంచుతుఫాను దగ్గరికొచ్చింది. ఊరు ఇంకా ఒక పగటి నడక. ఈ గాలిలో ఆ నడక పడదు. ఇక్కడే, వెలుతురు ఉండగానే, గూడు కట్టుకోవాలి.

ఒడ్డెక్కగానే ఏనాడో గాలికి కూలిన పెద్ద చెట్టొకటి కనిపించింది. దాని వేళ్లు మట్టితో సహా పైకి లేచి గోడలా నిలబడ్డాయి. తెరెంతీ ఆ గోడకు గాలి తగలని వైపు నిలబడి రెండు వేళ్లతో సిలువ గీసుకున్నాడు. కాలి పలకను విప్పి, దాన్నే పారగా చేసి మంచు తవ్వాడు. కింద నాచు కనబడేదాకా, ఇద్దరు మనుషులు పడుకుంటే సరిపోయేటంత గొయ్యి తీశాడు. తీసిన మంచును మూడు వైపులా గట్టులా పేర్చి తొక్కాడు. వేళ్లగోడ మీదినుంచి గట్టు మీదికి వాసాలు వాల్చాడు.

"కొమ్మలు విరువు. కింది కొమ్మలు వద్దు, పచ్చివి కావాలి. చేతులెలా ఉన్నాయి?"

"ఉన్నాయి మామా. రెండూ ఉన్నాయి."

తెరెంతీ తన సంచిలోంచి ఉన్ని మేజోళ్ల జత తీసి విసిరాడు. ఇంకో జత కాళ్లకు ఇచ్చాడు. కొంద్రాత్ మొదటి జతను చేతులకు తొడుక్కుని, కొమ్మలను మోచేతుల మధ్య ఇరికించి, ఒంటి బరువుతో విరిచాడు. అతను విరవడం అలా ఎందుకుందో తెరెంతీ గమనించలేదు. వాసాల మీద కొమ్మలు పరవడంలో మునిగి ఉన్నాడు. కింది వరుస ముందు, దాని మీద పై వరుస, మొదలు పైకీ కొన కిందికీ, తాటాకు కప్పినట్టే. పైన మళ్లీ మంచు. లోపల మోకాలి ఎత్తున కొమ్మల పరుపు. నేల చలి కిందినుంచి మనిషిని తాగేస్తుంది. పైనుంచి వచ్చే చలి కంటే అదే మోసకారి.

ఆ తర్వాత నిలువునా ఎండిన పైను చెట్టు ఒకటి నరికి, రెండు దుంగలు చేసి, గూడు నోటి ముందు ఒకదాని మీద ఒకటి పేర్చాడు. మధ్యలో పిడికెడు సందు ఉండేలా రెండు పచ్చి ముక్కలు దూర్చాడు. ఆ సందులో బంక పట్టిన చెక్క పేళ్లు నింపి అంటించాడు. మంట పైకి లేవకుండా సందు పొడుగునా పాకింది. ఇది అడవిలో తండ్రినుంచి కొడుక్కి అందే నిప్పు. సరిగ్గా పేరిస్తే తెల్లవార్లూ ఎర్రగా మండుతుంది. ఎవరూ లేచి కట్టె వెయ్యనక్కర్లేదు.

చీకటి పడేసరికి తుఫాను వచ్చి మీద కూర్చుంది. ఇద్దరూ ఎలుగుతోలు కప్పుకుని నిప్పుకు ఎదురుగా ఒదిగారు. సేర్కా కొంద్రాత్ పాదాల మీద చుట్టచుట్టుకుని పడుకుంది. తెరెంతీ తన కుండలో మంచు కరిగించి, ఎండబెట్టిన అడవిపండ్ల ఆకులు వేసి మరిగించాడు. నడుముకు కట్టుకున్న గిన్నె విప్పాడు. భూర్జచెట్టు కణుపులోంచి తొలిచిన గిన్నె అది. తాత చెక్కింది. తాతా, తండ్రీ, తనూ తప్ప మరొకరి పెదవి తగల్లేదు దానికి.

అక్కడ ఇద్దరి చేతులూ ఆగాయి.

కొంద్రాత్ వేసవినుంచి వెలిలో ఉన్నాడు. కార్చిచ్చు ఊరి మీదికి వచ్చినప్పుడు పట్నంనుంచి మంట ఆర్పేవాళ్లు వచ్చారు. గడ్డాలు గీసుకునేవాళ్లు, పొగ తాగేవాళ్లు. వాళ్లతో కలిసి కొంద్రాత్ కందకం తవ్వాడు. వాళ్ల కుండలో వాళ్ల చెంచాతో తిన్నాడు. ఆ కార్చిచ్చు ఊరి ప్రార్థనమందిరానికి రెండు పొలాల ఇవతల ఆగింది. బయటివాళ్ల పాత్రలో తిన్నవాడు తప్పు ఒప్పుకుని, కొన్నాళ్లు ఉపవాసముండి, సాష్టాంగాలు చేస్తే మళ్లీ అందరి పంక్తిలోకి వస్తాడు. పాత పద్ధతి వదలని ఆ క్రైస్తవుల ఊళ్లో అదే ఆచారం. కొంద్రాత్ ఉపవాసం ఉన్నాడు, సాష్టాంగాలు చేశాడు. తప్పయిందన్న మాట మాత్రం అనలేదు. అందుకే ఇంట్లో భార్యాపిల్లలది ఒక బల్ల, అతనిది ఒక బల్ల. ప్రార్థనలో అతని చోటు గడప అవతల. అతని గిన్నె తలుపు పక్క అరలో.

ఆ గిన్నె ఇప్పుడు నది అడుగున ఉంది.

భూర్జచెట్టు ఒక్కటి దగ్గర్లో ఉంటే తెరెంతీ బెరడు ఒలిచి దొప్ప కుట్టేవాడే. కాని భూర్జలన్నీ అవతలి ఒడ్డున, తుఫాను వెనక ఉన్నాయి. ఈ ఒడ్డున అన్నీ సూదాకుల చెట్లే.

"సేర్కా, చూశావా? నీకూ గిన్నె లేదు, నాకూ లేదు. మనిద్దరిదీ ఒక పంక్తి," అన్నాడు కొంద్రాత్.

తెరెంతీ గిన్నె నింపాడు. చేతిలో పట్టుకుని, నిప్పు వైపు చూస్తూ అన్నాడు.

"ఒక్క మాట అను కొంద్రాత్. ఎవరూ లేరిక్కడ. దేవుడూ నేనూ. తప్పయిందను. ఈ గిన్నె నీదే."

"ఏది తప్పు మామా? వాళ్లలో ఒకడికి నా కళ్లముందే జుట్టంటుకుంది. నీళ్లు పోసి ఆర్పాను. వాడు తన చెంచా తుడిచి నాకిచ్చాడు. తనకంటే ముందు నన్ను తినమన్నాడు. అది పాపమని ఏ నోటితో అనను?"

"నియమం వాడి మంచితనం గురించి కాదు."

"మరెవరి మంచితనం గురించి?"

"నోటికి తాళం వెయ్యి. చలికి పిచ్చెక్కుతోంది నీకు."

గాలి ఒకసారి గూటి మీద మంచంతా దులిపి మళ్లీ పోసింది. కొంద్రాత్ వణుకు ఎలుగుతోలు కిందినుంచి తెలుస్తూనే ఉంది. ఆఖరికి అతను చేతుల మేజోళ్లు పళ్లతో లాగి, రెండు అరచేతులూ కలిపి ముందుకు చాపాడు.

"దోసిట్లో పొయ్యండి మామా. మీ గిన్నెకు మచ్చ రాదు, నా నోటికి అబద్ధం రాదు."

తెరెంతీకి ప్రాణం తేలికపడ్డట్టయింది. ఇది తనకెందుకు తోచలేదా అనుకున్నాడు కూడా. కుండ ఎత్తి, అంచు ఎక్కడా తగలకుండా, జానెడు ఎత్తునుంచి ధారగా పోశాడు. కొంద్రాత్ దోసిటిపైకి వంగి తాగాడు. సగం తాగాడు, సగం ముంజేతుల వెంట కారి చొక్కా చేతుల్లోకి పోయింది. ఇంకొంచెం పోశాడు. అతను అదీ తాగాడు.

"కాలట్లేదూ?"

"ఏం లేదు మామా. హాయిగా ఉంది."

కొంద్రాత్ తడిచేతులకు మళ్లీ మేజోళ్లు తొడుక్కుని తోలు కిందికి లాక్కున్నాడు. తెరెంతీ తన గిన్నె ఎత్తి ఒక గుక్క తాగాడు. పెదవి చుర్రుమంది. నాలుక కాలింది. గిన్నె దింపి అల్లుడి వైపు చూశాడు. మనసులో ఏదో అనుమానం ఒక్క క్షణం తల ఎత్తింది. అతను జపమాల చేతిలోకి తీసుకుని రాత్రి ప్రార్థన మొదలుపెట్టాడు. ప్రార్థన సాగేకొద్దీ ఆ అనుమానం వెనక్కి తగ్గింది. అల్లుడు పక్కనే పడుకుని పెదవులు కదుపుతుంటే, వెలిలో ఉన్నవాడితో కలిసి ప్రార్థించకూడదని గుర్తొచ్చి, గొంతు తగ్గించి, మొహం కొంచెం అటు తిప్పుకున్నాడు.

దేవుడి పేరుతో మనిషి కళ్లు తెరుచుకోవాలి. ఒక్కోసారి ఆ పేరుతోనే మూసుకుంటాం. ఎందుకో ఆయనకే తెలియాలి.

మర్నాడు పగలంతా తుఫాను తగ్గలేదు. వెలుతురు వచ్చిందన్న మాటే గాని, గూడు బయట చెయ్యి చాపితే చెయ్యి కనబడలేదు. దుంగలు సగం కాలాయి. తెరెంతీ బయటికి పాకి ఇంకో ఎండు చెట్టు నరికి, ఈడ్చుకొచ్చి, రొప్పుతూ గొడ్డలి అల్లుడి ముందు పెట్టాడు.

"కొంచెం పేళ్లు తియ్యి. నా భుజం పట్టేసింది."

"మీరే తియ్యండి మామా."

"అలకా? ఇప్పుడా? పెళ్లిలో కూడా ఇలాగే అలిగావు, గుర్రం కుంటిదని."

"అది నిజంగానే కుంటిది."

తెరెంతీ గొణుక్కుంటూ పేళ్లు తానే తీశాడు. మంట సరిచేసి, సంచిలోంచి ఎండు రొట్టెముక్కలు తీసి, ఒకటి అల్లుడి ముందు కొమ్మల మీద పెట్టాడు. తన ముక్కకు దణ్ణం పెట్టుకుని, కొరికి, తలెత్తాడు.

కొంద్రాత్ మొహం కిందికి వంచి రొట్టెముక్కను నోటితో అందుకుంటున్నాడు. ఒకసారి జారిపోయింది. మళ్లీ వంగాడు. పక్కన సేర్కా తన ముక్కను అలాగే తింటోంది.

"చేతులు చూపించు."

"తిననివ్వండి."

"చూపించు అన్నానా!"

మేజోడు లాగబోతే రాలేదు. లోపల గడ్డకట్టి ఉంది. తెరెంతీ కత్తితో అంచు కోసి నెమ్మదిగా విప్పాడు. ఉన్నితో పాటు చర్మం పొర లేచింది. అరచేయంతా నీటిబొబ్బలు, వేడి నీళ్లు కాల్చినవి. వేళ్లు మాత్రం బొబ్బలెక్కకుండా తెల్లగా, మైనంతో చేసినట్టున్నాయి. గోళ్ల దగ్గర నీలం తిరిగింది. కుడిచేతివి మరీ. గోటితో నొక్కాడు. కొంద్రాత్ మామ మొహం చూస్తున్నాడు గాని వేలు చూసుకోలేదు.

గడ్డకట్టిన చేతికి వేడి చూపకూడదని ఆ అడవిలో పసిపిల్లలకు కూడా తెలుసు. గుడ్డ చుట్టి, కడుపుకు ఆనించుకుని, లోపలినుంచి వెచ్చబడనివ్వాలి. తెరెంతీ అలా ఎంతమంది వేళ్లు కాపాడాడో. నిన్న ఈ చేతులను ఒక్కసారి తన చేతిలోకి తీసుకుని ఉంటే తెలిసేది. గిన్నె పట్టుకోమని చేతికి ఇచ్చి ఉన్నా, పట్టు నిలవక అప్పుడే తెలిసేది.

"చెప్పొచ్చు కదరా," అన్నాడు.

"కొమ్మలు విరిచేటప్పటికే స్పర్శ తెలీకుండా పోయాయి. చెప్తే ఏం చేసేవారు? గిన్నె ఇచ్చేవారా?"

తెరెంతీ చొక్కా గుండీలు విప్పి ఆ రెండు చేతులనూ తన కడుపుకు అదుముకున్నాడు. చల్లని ఇనుము ఆనినట్టయింది. ఇప్పుడు లాభం లేదని అతనికి తెలుసు. అయినా వదల్లేదు. కొంతసేపయ్యాక, ఒక చేత్తో గిన్నె నింపి, చల్లారనిచ్చి, కొంద్రాత్ నోటి దగ్గర పెట్టాడు.

"తాగు. మాటా లేదు, ఏమీ లేదు. తాగు."

కొంద్రాత్ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"నిన్నటికీ ఇవాళ్టికీ నేను మారలేదు మామా. నిన్న మైలైనవాణ్ణి ఇవాళ ఎలా శుద్ధయ్యాను?"

అతను గట్టు మీది మంచును పళ్లతో కొరుక్కుని నోట్లో కరిగించుకున్నాడు. మంచు తింటే ఒళ్లు ఇంకా చల్లబడుతుందని ఇద్దరికీ తెలుసు. గిన్నె తెరెంతీ చేతిలోనే చల్లారి అంచున గడ్డ కట్టింది.

తెల్లారి గాలి ఆగింది. చెట్లు పగిలే చప్పుడు తప్ప అడవిలో ఏమీ వినబడలేదు. తెరెంతీ అల్లుడి కాలి పలకలు తానే కట్టాడు. నడుం పటకా బిగించి, చేతులను ఎలుగుతోలు ముక్కలో చుట్టి మెడకు వేలాడదీశాడు. ముందు తను నడిచాడు. చేతికర్ర పట్టలేనివాడు కొత్త జాడ తొక్కలేడు. కొంద్రాత్ మామ జాడలోనే వచ్చాడు. దారిలో రెండుసార్లు పడ్డాడు. రెండుసార్లూ తెరెంతీ లేవదీశాడు. చీకటి పడుతుండగా ఊరి కుక్కలు అరిచాయి.

ఊళ్లో రేడియో ఉన్న ఇంటినుంచి కబురు పెట్టారు. హెలికాప్టర్ మర్నాడు గాని రాదన్నారు. కొంద్రాత్‌ను చూసొచ్చిన మంత్రసాని తెరెంతీ భార్య ఉస్తిన్యాతో గుమ్మంలోనే చెప్పింది. ఎడమచేతివి కొన్ని దక్కొచ్చు, కుడిచేతిలో చూపుడు వేలూ మధ్య వేలూ నల్లబడ్డాయి, అవి పోయినట్టే.

సిలువ గీసుకునే వేళ్లు. ఆ రెండు వేళ్ల కోసమే, మూడు వేళ్లతో గియ్యాలన్న ఆజ్ఞకు ఒప్పుకోనందుకే, వాళ్ల ముత్తాతలు ఊళ్లొదిలి ఈ అడవికి వచ్చారు.

మర్నాడు ఉదయమే సంఘపెద్ద నికోదిం వచ్చాడు. ముసలాయన దగ్గుతూ బల్ల మీద కూర్చుని, గడ్డం మీది మంచు దులుపుకున్నాడు. తెరెంతీ జరిగిందంతా చెప్పాడు. ఏదీ దాచలేదు. చివర, తనకు తెలియకుండానే, "గిన్నె మాత్రం మైలపడలేదు పెద్దయ్యా," అన్నాడు.

నికోదిం కళ్లు చికిలించి చూశాడు.

"గిన్నె సంగతి ఎవడడిగాడయ్యా? ప్రాణం మీదికొచ్చినప్పుడు నియమం పక్కకు తప్పుకుంటుందని పెద్దలే అన్నారు కదా. ఇచ్చేసి, వచ్చాక నాలుగు సాష్టాంగాలు చేస్తే పోయేది. నీకా సంగతి తెలీదా?"

పొయ్యి దగ్గర ఉస్తిన్యా చేతిలో గరిటె ఆగింది.

"తెలుసు," అన్నాడు తెరెంతీ.

"తెలుసా?"

"తెలుసు పెద్దయ్యా."

"మరి?"

తెరెంతీ తల వంచుకున్నాడు. ఆ ఒక్క మాట అల్లుడి నోట తనే అనిపించాలని, వాణ్ణి పంక్తిలోకి తెచ్చిన పేరు తనకే దక్కాలని ఉండిందని చెప్పడానికి నోరు రాలేదు. చెప్పక్కర్లేకపోయింది. ముసలాయన లేచాడు. ఏదో శిక్ష వేస్తాడనుకున్నాడు తెరెంతీ. వేస్తే బావుండేది. నికోదిం దేవుడి పటం ముందు రెండు వేళ్లతో సిలువ గీసుకోబోయి, చెయ్యి సగంలో ఆపి, తన వేళ్లను తానే ఒకసారి చూసుకున్నాడు. చెయ్యి దించి వెళ్లిపోయాడు.

తలుపు మూసుకున్నాక ఉస్తిన్యా అంది, వెనక్కి తిరక్కుండానే.

"ఏమయ్యా, ఆ సేర్కాకి రొట్టె పెట్టావుగా? అదేమైనా తప్పయిందని అన్నాకే పెట్టావా?"

తెరెంతీ కోటు తొడుక్కుని కూతురింటికి నడిచాడు. పెలగేయ తలుపు తీసి, తండ్రి మొహం చూడకుండా దారి ఇచ్చింది. కొంద్రాత్ బల్ల మీద పడుకుని ఉన్నాడు. చేతులు రెండూ గుడ్డల మూటల్లా గుండెల మీద ఉన్నాయి. తలుపు పక్క అరలో కొత్త గిన్నె పెట్టి ఉంది. నదిలో పోయినదాని బదులు పెలగేయ పెట్టింది.

పొయ్యి మీద ఆకునీళ్లు మరుగుతున్నాయి. తెరెంతీ నడుముకున్న గిన్నె విప్పి నింపాడు. కొంద్రాత్ తల కింద చెయ్యి వేసి లేపి, గిన్నె దగ్గరికి తెచ్చాడు.

కొంద్రాత్ గిన్నెను చూశాడు. తర్వాత మామను చూశాడు.

"వేడెంతుందో చూశారా మామా?"

పెలగేయ చేతిలోని గుడ్డ కింద పడింది. తెరెంతీ గిన్నెను వెనక్కి తెచ్చుకుని, పెదవి ఆనించి, ఒక గుక్క తాగి చూశాడు. కాలింది. ఊదాడు. మళ్లీ తాగి చూశాడు. ఇంకా ఊదాడు. మూడోసారి తాగి, అదే అంచు అల్లుడి నోటికి పెట్టాడు.

కొంద్రాత్ తాగాడు. దప్పిక మీదున్నవాడు తాగినట్టు తాగాడు, అంతే. క్షమించానని గాని లేదని గాని అతని మొహంలో లేదు. తాగి తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నాడు.

దూరంగా నది వైపునుంచి హెలికాప్టర్ చప్పుడు మొదలైంది. సేర్కా వాకిట్లో మొరిగింది.

గిన్నెలో అడుగున కొంచెం మిగిలింది. తెరెంతీ దాన్ని తాగేశాడు. గిన్నెను కడగలేదు, నడుముకు కట్టుకోలేదు. తలుపు పక్క అరలో, అల్లుడి గిన్నె పక్కన పెట్టి, అల్లుణ్ణి మొయ్యడానికి వెనక్కి తిరిగాడు.